కాలేషా మాస్టారి పొట్టి వాక్యాలు

గత సోమవారం ఉదయం నేను తరగతిలో ఉండగా మా కాలేజీ అటెండరు తలుపు దగ్గరికి వచ్చి, "పొదిలి నుంచి ఫోనొచ్చిందండి, కాలేషా మాస్టారు పోయారంట" అని చెప్పాడు. అప్పటికి నేను సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి ఉన్నాను. రాస్తున్న వాక్యం సగంలో ఉంది. దాన్ని ఎలా పూర్తిచేయాలో ఎంతసేపటికీ తోచలేదు. వెనకనుంచి పిల్లలు నన్నే చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. చివరకు ఆ సగం వాక్యాన్ని అలాగే వదిలేసి, సెలవు చెప్పి, గుంటూరు బస్టాండుకు వెళ్లి పొదిలి బస్సెక్కాను. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి వస్తున్న ఘాటుకు బస్సులో అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. నా కళ్లు దేనికి తుడుచుకుంటున్నానో అడిగే అవసరం పక్కవాళ్లకు కలగలేదు.

షేక్ కాలేషా గారు గుంటూరు నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఉన్న మా పాత కళాశాలలో తెలుగు అధ్యాపకులు. డిగ్రీ విద్యార్థులకు వ్యాసరచన బోధించడమే దశాబ్దాలపాటు ఆయన పని. ఒక్క గ్రంథమూ ప్రచురించలేదు. ఏ సాహిత్య సభా వేదిక మీదా ఆయన పేరు వినపడలేదు. అందుచేత ఈ సంస్మరణ చదివేవారిలో చాలామందికి ఆయన అపరిచితులే కావచ్చు. కానీ ఆయన చేతిలో తయారైన కొన్ని వాక్యాలు మాత్రం గుంటూరు, పొదిలి వైపు పత్తి చేలల్లో పనిచేసేవాళ్లలో ఎంతోమందికి కంఠస్థం. ఆ వాక్యాలు ఎలా పుట్టాయో చెప్పగలిగినవాళ్లం కొద్దిమందిమే మిగిలాం. ఆ కొద్దిమందిలో ఒకతెగా ఇది రాస్తున్నాను.

మాస్టారి తండ్రిగారు పొదిలిలో దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఆ వృత్తి ప్రస్తావన మాస్టారి పాఠంలో నిత్యం వినిపించేది. గింజ, పుల్ల, మట్టి అన్నీ కలిసి ముద్దగా ఉన్న దూదిని వింటికి వేసి ఏకితే, పోగు పోగు విడిపోయి, గుప్పెడంత దూది గదంతా పరుచుకుంటుందట. మొదటిసారి రాసింది ముద్ద అనీ, దాన్ని ఏకాలనీ అనేవారు. మా భాషలో ఏకడమంటే చీవాట్లు పెట్టడం కూడా కదా. "ఇవాళ మాస్టారు మనల్ని ఏకుతారు" అని భయపడుతూ తరగతికి వెళ్లేవాళ్లం. ఆయన మాత్రం మనిషిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. వాక్యాన్నే ఏకేవారు.

మొదటిరోజు తరగతి నాకు నిన్నటిలా గుర్తుంది. పాఠ్యగ్రంథం లేకుండా, కూరల సంచి ఒకటి పట్టుకుని వచ్చారు. అందులోంచి సినిమా కరపత్రం, పెళ్లి శుభలేఖ, దగ్గుమందు ప్రకటన, వారపత్రిక సీరియల్లోంచి చింపిన రెండు పేజీలు, మిర్చి యార్డు గోడమీద అంటించే నోటీసు ఒకదాని తర్వాత ఒకటి తీసి బల్లమీద పరిచారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆ సినిమా కరపత్రం ఎత్తి చూపి, "దీన్ని రిక్షాలోంచి విసురుతారు. వీధిలో పడుంటుంది. అయినా దీన్ని తీసి చదివి, మీరు హాలుదాకా నడిచి వెళ్తారు. మీరు రాసిన వ్యాసం నా చేతికే ఇస్తారు. నేను రెండో పేజీ తిప్పలేకపోతున్నాను. ఎందుకో కనుక్కుందాం" అన్నారు. ఆ సంవత్సరమంతా మేం చేసింది అదే, కనుక్కోవడం.

ఆలోచనకు నడకలుంటాయని ఆయన సిద్ధాంతం. జరిగింది జరిగినట్టు చెప్పడం ఒక నడక. రెంటిని పక్కపక్కన పెట్టి చూపడం మరొకటి. ఇదెందుకు ఇలా అయిందని కారణం వెతకడం ఇంకొకటి. పని చేసే పద్ధతిని అంచెలంచెలుగా చెప్పడం, మాటకు అర్థం గిరిగీసి చూపడం, ఎదుటివాడిని ఒప్పించడం, ఇలా ఒక్కోదానికి ఒక్కో నడక. ఏ పనికి ఏ నడకో తెలియకపోతే ఎంత పాండిత్యమున్నా రచన తడబడుతుందనేవారు. వాటికి ఉదాహరణలు మాత్రం ప్రబంధాల్లోంచి తెచ్చేవారు కాదు. దగ్గుమందు ప్రకటనలో కార్యకారణం ఎక్కడ తప్పిందో పట్టుకోమనేవారు. సీరియల్ రచయిత్రి ఆ వారం కథను సరిగ్గా అక్కడే ఎందుకు ఆపిందో రాయమనేవారు. బెంచీల కింద వారపత్రికలు దాచుకుని చదివే మా ఆడపిల్లలందరం ఆ వారం మొట్టమొదటిసారి పత్రిక బల్లమీద పెట్టుకుని చదివాం. ఎంతో ఇష్టంగా చదువుకునే కథలో కిటుకులు కనపడుతుంటే కొంచెం బాధ కూడా వేసింది. ఆ మాట అంటే ఆయన నవ్వి, పరుపు ఎలా కుట్టారో తెలిసినంతమాత్రాన నిద్ర పట్టకుండా పోదమ్మా అన్నారు.

మాది పెదకాకాని. నాన్నగారు అర్చకత్వం చేసేవారు. సంస్కృతం మా ఇంట్లో గాలిలా ఉండేది. నా మొదటి వ్యాసం నిండా సమాసాలే. మాస్టారు వాటిని కొట్టేయలేదు. ఒక్కో సమాసం పక్కన "దీని పనేమిటి?" అని రాసి తిరిగిచ్చారు. నేను ఇంటికి తెచ్చి, ఉక్రోషంతో నాన్నగారికి చూపించాను. ఆయన చాలాసేపు చదివి, మర్నాడు నాతో కాలేజీకి బయలుదేరారు. గొడవవుతుందని హడలిపోయాను. ఇద్దరూ స్టాఫ్‌రూమ్ వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నాన్నగారు ఒక శ్లోకం చెప్తే, దాని అన్వయక్రమం మాస్టారు తడుముకోకుండా చెప్పారు. మాస్టారికి సంస్కృతం అంత క్షుణ్ణంగా వచ్చునని కాలేజీలో ఎవరికీ తెలియదు. తిరుగు బస్సులో నాన్నగారు అన్న మాట ఒక్కటే. "ఆయనకి లేక మానేయలేదమ్మా. ఉండి మానేశారు. ఆయన చెప్పినట్టు రాయి."

ఇక్కడివరకు చెప్పినదంతా ఒక మంచి ఉపాధ్యాయుడి కథ. అలాంటివారు ఇంకా ఉన్నారు, ఉంటారు కూడా. నేను మా మాస్టారి ముందు చేతులు జోడించి నిలబడిపోయింది మా డిగ్రీ చివరి ఏడాదిలో.

పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టిన ఏడు అది. ఆకు ఎత్తితే తెల్లటి పొగ లేచినట్టు దోమ లేచేది. రైతులు ఒక మందు కొట్టి, అది పనిచేయక ఇంకొకటి కొట్టి, రెండూ కలిపి కొట్టారు. మా తరగతిలో బ్రహ్మయ్య అనే కుర్రాడుండేవాడు. మాటకారి కాదు కాని అక్షరం ముత్యంలా ఉండేది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతడే. అన్న వీరయ్య కౌలుకి పత్తి వేశాడు. ఒక ఉదయం మందు కొట్టడానికి చేలోకి దిగిన వీరయ్య మధ్యాహ్నానికి గట్టుమీద పడిపోయాడు. నోటివెంట నురుగు. బండిమీద రోడ్డుదాకా, అక్కడినుంచి లారీ మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం కాకముందే ప్రాణం పోయింది.

కర్మకాండలయ్యాక బ్రహ్మయ్య తరగతికి వచ్చాడు. మాస్టారు ఆనాడు పాఠం చెప్పకుండా అతడి పక్కన బెంచీమీద కూర్చున్నారు. అతడు జేబులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. పురుగుమందు డబ్బాకు చుట్టి వచ్చిన కాగితం. మరకలు పడి ఉంది. దాన్ని చూపిస్తూ బ్రహ్మయ్య చెప్పిన మాటలు మేమెవరమూ మరిచిపోలేదు.

"చదువుకున్నోణ్ణి కదాని మా అన్న నన్నే చదవమన్నాడండి. చదివాను. వాక్యం అయ్యేలోపే ఆయన మందు పంపు భుజానికెత్తుకున్నాడు. అర్థమైందిలేరా, గాలికెదురుగా నిలబడి కొట్టాలి, అంతేగా అన్నాడు. నేను మిగతాది చదివేసరికి చేలోకి దిగిపోయాడండి."

మాస్టారు ఆ కాగితం అందుకుని పైకి చదివారు. ఆ వాక్యం నాకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "గాలి వీచు దిశకు అభిముఖముగా నిలిచి, ముఖమునకు వస్త్రాచ్ఛాదనము లేక, ఉదరము రిక్తముగా నుండు సమయమున, అవిరామముగా పిచికారీ సేయుట శ్రేయస్కరము కాదు." చదవడం పూర్తయ్యాక కాగితం మళ్లీ బల్లమీద పెట్టారు. ఆ తర్వాత బ్రహ్మయ్య భుజంమీద చెయ్యివేసి, అందరికీ వినపడేట్టు చెప్పారు.

"నువ్వు సరిగ్గానే చదివావు నాయనా. మన భాషలో వద్దు అనే మాట వాక్యం చివర్న వస్తుంది. అందాకా విన్నదంతా చెయ్యమన్నట్టే వినపడుతుంది. అందుకని వద్దని చెప్పాల్సినచోట వాక్యం పొట్టిగా ఉండాలి. ఇది రాసినవాడికి ఆ సంగతి తెలియదు. తప్పు నీది కాదు."

బ్రహ్మయ్య అప్పుడు ఏడ్చాడు. అన్న పోయినప్పటినుంచి అతడు ఏడవలేదని తర్వాత తెలిసింది.

నేను వ్యాకరణం ఎన్నో ఏళ్లు చదివాను, ఇప్పుడు చెబుతున్నాను కూడా. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుందన్నది బడిపిల్లలు కూడా చెప్పగల సూత్రం. ఆ సూత్రానికీ ఒక మనిషి ప్రాణానికీ మధ్య ఉన్న దారిని క్షణంలో చూడగలిగిన మేధను తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. అంతకన్నా ఎక్కువ ఆశ్చర్యం, ఆయన దాన్ని పరామర్శ మాటగా చెప్పి ఊరుకోకపోవడం.

మర్నాటినుంచి ఆ కాగితమే మా పాఠం. పని చేసే పద్ధతిని చెప్పే నడకలో దాన్ని తిరగరాయాలి. ఏది ముందు, ఏది తర్వాత? ఒక్కో వాక్యానికి ఒక్కటే పని. వినేవాడు మధ్యలో లేచి వెళ్లిపోయినా, అప్పటిదాకా విన్నదాంట్లో అతడికి హాని చేసేది ఏదీ ఉండకూడదు. ఈ చివరి నియమం మాకు కత్తిమీద సాములా ఉండేది. మేం రాస్తుంటే ఆయన ఏకేవారు. మళ్లీ రాసేవాళ్లం. చేయవలసిన జాగ్రత్తలు సరిగ్గా ఉన్నాయో లేదో వ్యవసాయాధికారిని, ఆసుపత్రి డాక్టరును అడిగి తెలుసుకుని రమ్మని మమ్మల్ని పంపారు. అంతా అయిందనుకున్నాక, "కాలేదు. దీన్ని వినేవాళ్ల చేతులు చూడాలి" అన్నారు.

ఒక ఆదివారం మమ్మల్ని బస్సులో బ్రహ్మయ్య ఊరు తీసుకెళ్లారు. బడి వరండా ముందు మందు కొట్టే కూలీలను నిలబెట్టి, ఖాళీ పంపులు తగిలించుకోమని, నన్ను చదవమన్నారు. "గాలివాటున నిలబడండి" అని చదివాను. ఆ వాక్యం నాదే, నాకు చాలా ఇష్టమైంది కూడా. కూలీల్లో సగంమంది అటు తిరిగారు, సగంమంది ఇటు తిరిగారు. ఎవరిది తప్పని వాళ్లలో వాళ్లు వాదించుకోసాగారు. మాస్టారు నా వైపు చూసి, తప్పు వాళ్లది కాదని తల ఊపారు. అక్కడే అరుగుమీద కూర్చుని దిద్దాం. "గాలి వీపుకి తగలాలి." ఈసారి అందరూ ఒకే వైపు తిరిగారు. ఒక్క వాక్యం పదిమంది మనుషుల్ని ఒకేసారి తిప్పడం నేను కళ్లారా చూసింది అప్పుడే. వీరయ్య తల్లి కోటమ్మ గారు కొంచెం దూరంలో స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఇదంతా చూస్తున్నారు. మేం వెళ్లేటప్పుడు మాస్టారు ఆమె దగ్గరికి వెళ్లి ఏదో మాట్లాడారు. మాకు వినపడలేదు.

అలా తయారైన కరపత్రం ఇది.

"ముందు అన్నం తినండి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోండి. కర్రతో కలపండి. చేత్తో కలపకండి. గాలి వీపుకి తగలాలి. గాలి మొహానికి తగిలితే ఆపండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఆ తర్వాతే బీడీ ముట్టుకోండి. కళ్లు తిరిగితే ఆపండి. డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి."

బస్టాండు దగ్గరి ప్రెస్సులో అచ్చువేయించి, అడుగున మా కళాశాల తెలుగు శాఖ పేరు వేశాం. దాంతో గొడవ మొదలైంది. కాలేజీ కమిటీలో పురుగుమందుల కొట్టున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. సరుకు తీసుకోవడానికి వచ్చినవాళ్లు కరపత్రం చూపించి సందేహాలడుగుతున్నారని ఆయనకు కోపం వచ్చింది. ఈ మాస్టారు పాఠ్యప్రణాళిక వదిలేసి సినిమా కాగితాలు, డబ్బా కాగితాలు చదివిస్తున్నాడని కమిటీకి ఫిర్యాదు చేశారు. మాస్టారిని పిలిచారు. విద్యార్థులను కూడా విచారిస్తామని నన్నూ బ్రహ్మయ్యనూ పిలిచారు. అందువల్ల అక్కడ జరిగింది నేను స్వయంగా చూశాను.

కరస్పాండెంట్ గారు కఠినుడు కాదు, చదువుకున్న మనిషి. అయినా ఆనాడు గట్టిగానే మాట్లాడారు. ప్రబంధకవుల పక్కన పురుగుమందు డబ్బా పెట్టడం భాషకు అవమానం కాదా అన్నది ఆయన ప్రశ్న. మాస్టారు ఆ మరకల కాగితం ఆయనకు అందించి, ఒకసారి పైకి చదవమని కోరారు. ఆయన చదివారు. మధ్యలో ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుని పూర్తిచేశారు.

"ఇప్పుడు చెప్పండి. గాలికెదురుగా కొట్టమన్నాడా, వద్దన్నాడా?" అని అడిగారు మాస్టారు.

కరస్పాండెంట్ గారు కాగితంలోకి మళ్లీ చూశారు. "వద్దనే అన్నాడు" అన్నారు.

"మీరు విద్వాంసులు. కుర్చీలో కూర్చున్నారు, తొందరేం లేదు. అయినా వెనక్కి వెళ్లి చూసుకున్నారు. పంపు భుజానేసుకున్నవాడికి వెనక్కి చూసే తీరిక ఉండదండి. ఈ అబ్బాయి అన్నకి లేకపోయింది."

మందుల కొట్టు పెద్దమనిషి బ్రహ్మయ్యను అప్పుడే తేరిపార చూశారు. ఎవరి తమ్ముడో ఆయనకు అంతవరకు తెలిసినట్టు లేదు.

ఆ చూపుతో అంతా చక్కబడిందని రాయాలని నాకూ ఉంది. చక్కబడలేదు. కమిటీ తర్జనభర్జనలు పడి, కరపత్రం మీద కళాశాల పేరుగాని అధ్యాపకుడి పేరుగాని ఉండకూడదని తీర్మానించింది. ఆ ఏడు మాస్టారికి రావలసిన శాఖాధ్యక్ష పదవి ఆయనకన్నా చిన్నవారికి వెళ్లింది. మా రక్తం ఉడికిపోయింది. మేం సమ్మె చేస్తామంటే ఆయన వారించారు. "పేర్లు తీసేద్దాం. వాక్యాలు ఉంచుదాం" అన్నారు. అంతే. పదవి గురించి ఆయన నోట ఆనాడూ, ఆ తర్వాతా ఒక్క మాట రాలేదు.

పేరు లేకపోవడం వల్ల ఆ కరపత్రం అందరిదీ అయిపోయింది. ఒక ఊళ్లో పంచాయతీ మైకులో చదివారు. ఇంకో ఊళ్లో సహకార సంఘం గోడమీద పెయింటుతో రాయించారు. బడిపిల్లలు పాటలా పాడుకోవడం నేను పిడుగురాళ్ల బస్సులో విన్నాను. మరుసటి పంటకాలానికి ఆ కమిటీ పెద్దమనిషి కొట్లో కూడా డబ్బాతోపాటు ఆ కాగితం ఇవ్వసాగారు. కొనేవాళ్లు అడుగుతున్నారట. దానివల్ల ఎందరు బతికారో లెక్క చెప్పగలవాళ్లు లేరు. చావు జరిగినప్పుడు తెలుస్తుంది కాని, జరగకపోయినప్పుడు ఎవరికి తెలుస్తుంది? తాను చేసిన మేలు ఎక్కడ, ఎవరికి అందిందో తెలియకుండానే బతికిన మనిషి ఆయన. అది ఆయన్ను ఎప్పుడూ బాధించినట్టు కనపడలేదు. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పదవీ విరమణ చేసి పొదిలి వెళ్లిన కొద్దిరోజులకే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట పడిపోయాయి. నేను వెళ్లేసరికి మంచంమీద ఉన్నారు. మాటకోసం పెదవులు కదుపుతున్నారు, రావడం లేదు. జీవితమంతా వాక్యం మీద బతికిన మనిషిని అలా చూసి తట్టుకోలేక బయటికి వచ్చేశాను. వారి భార్య హబీబున్నీసా గారు మాత్రం కంటతడి పెట్టలేదు. ప్రతి ఉదయం ఆయన ఎదుట కూర్చుని పళ్లెం, గ్లాసు, కిటికీ అని ఒక్కో వస్తువు చూపించి పలికించేవారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన గుమ్మందాకా కర్ర పట్టుకుని నడిచివచ్చారు. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగుతూ, "నాకిప్పుడు పొట్టి వాక్యాలే వస్తున్నాయమ్మా. ఇన్నాళ్లు చెప్పాను. ఇప్పుడు చేస్తున్నాను" అన్నారు. అని, ఎడమవైపు పెదవితో నవ్వారు. ఆమె కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ధైర్యంతోనే నేను పాఠాలు చెప్పే మహిళా కళాశాలకు ఒక్క తరగతి చెప్పడానికి రమ్మని అడిగాను. వచ్చారు. హబీబున్నీసా గారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. ఎడమచేత్తో బోర్డుమీద వంకరటింకరగా "చూసింది రాయండి" అని రాసి కూర్చున్నారు. పిల్లలు రాశారు. మిర్చి యార్డు పక్కనుంచి రోజూ నడిచొచ్చే ఒక అమ్మాయి, తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు గురించి రాసి చదివింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. ఆయన మాట కోసం అంతమంది పిల్లలు ముందుకు వంగి ఎదురుచూశారు. "బాగుంది" అన్నారు. ఇంకా ఆగారు. "వాళ్ల పేర్లు... కనుక్కో." ఆ అమ్మాయి మర్నాడు యార్డులోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. నేను ఏడాదంతా చెప్పలేకపోయినది ఆయన రెండు మాటల్లో చెప్పి వెళ్లారు.

నేను పొదిలి చేరేసరికి మధ్యాహ్నపు జోహరు నమాజు అయిపోయింది. జనాజా పాడె ఇంకా లేవలేదు. వీధి నిండా మనుషులు. ఆయన విద్యార్థులు, వాళ్ల పిల్లలు, పరుపుల పనివాళ్లు, ఎవరో ఏమిటో నాకు తెలియని రైతులు. బ్రహ్మయ్య ఇప్పుడు దర్శి దగ్గర హైస్కూలులో తెలుగు పండితుడు. నాకన్నా ముందే వచ్చి, పాడె మోయడానికి వరసలో నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లాను. ఆడవాళ్ల మధ్య హబీబున్నీసా గారు గోడకానుకుని కూర్చుని ఉన్నారు. ఆమె పక్కనే, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని, కోటమ్మ గారు కూర్చుని ఉన్నారు. తెల్లారుతూనే బస్సెక్కి వచ్చారట. మిరపకాయలు ఏరి ఏరి ఆ వేళ్లు ఎర్రబారి ఉన్నాయి.

ఆ రోజు బడి దగ్గర మాస్టారు ఆమెతో ఏం మాట్లాడారో నాకు అప్పుడు తెలిసింది. నేను అడగలేదు. హబీబున్నీసా గారికి చెబుతుంటే విన్నాను.

"మా పెద్దోడు పోయినప్పుడు ఊరంతా వచ్చి తలరాత అన్నారమ్మా. ఎవర్ని చూసినా అదే మాట. వాడి రాత అంతే, నువ్వేం చేస్తావ్ అన్నారు. ఈయనొక్కడే నా దగ్గరికొచ్చి, తలరాత కాదమ్మా, డబ్బా మీది రాత, మనిషి రాసిందే, మారుద్దాం అన్నాడు. ఆ కాగితం చదివిన నా చిన్నోడి మొహం నేను మళ్లీ చూడగలిగింది ఆ మాటతోనే."

హబీబున్నీసా గారు తల వంచి కోటమ్మ గారి భుజంమీద ఆనించారు. బయట జనాజా లేచింది. ఆడవాళ్లందరం గుమ్మందాకా వచ్చి నిలబడ్డాం. వీధి మలుపు తిరిగేదాకా తెల్లటి గుడ్డ కనపడింది. ఆ తర్వాత కనపడలేదు. మా ఇన్ని ఊళ్లలో, ఇన్ని చావుల ముందు నిలబడి, ఇది రాత తప్పు, దిద్దుదాం అని చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు. వారిని మట్టికి అప్పగించాం.